వదిన నన్ను ఇరికించడం మానేసింది

ముందే చెప్పేస్తున్నాను, మా ఇంట్లో ఎవరూ పోలేదు. మా ఆయనకి ఇంకో ఆవిడ లేదు. నాకు షుగరు లేదు, బీపీ లేదు, థైరాయిడ్ లేదు. ఇవన్నీ ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, నేను రాయడం మానేశానని తెలిసిన ప్రతివాళ్ళూ తల ఓ పక్కకి వాల్చి, గొంతు తగ్గించి, "ఏమైనా జరిగిందా?" అని అడుగుతున్నారు. జరిగితే బాగుండేది. చెప్పుకోవడానికి ఓ ముక్క ఉండేది. ఏమీ జరగలేదు. ఒకరోజు పొద్దున్న కాగితాల ముందు కూర్చున్నాను, ఏమీ అనిపించలేదు. మర్నాడూ అంతే. కొన్నాళ్ళకి కూర్చోవడం కూడా మానేశాను. అందుకు బాధపడాలి కదా అనుకున్నాను, అదీ రాలేదు.

రాసేది నేనొక్కదాన్నే కాదు. నేనూ, మా అన్నయ్య భార్య, అంటే మా వదినా, ఇద్దరం కలిసి ఒక వారపత్రికలో సీరియల్ రాస్తాం. ఇద్దరికీ కలిపి కలంపేరు ఒక్కటే, అదీ మగపేరు. పాఠకులు ఉత్తరం రాస్తే "అయ్యా" అని మొదలుపెడతారు. ఒకాయనైతే మీసాలతో ఉన్న మీ ఫొటో వేయించండి అని పత్రికవాళ్ళ ప్రాణం తీశాడు.

ఇది ఆసుపత్రి వరండాలో మొదలైంది. మా అమ్మకి ఆపరేషన్ జరుగుతుంటే నేనూ వదినా బల్ల మీద కూర్చుని, భయం మర్చిపోవడానికి కథ చెప్పుకున్నాం. కాసేపు తను, కాసేపు నేను. తను చెప్పడం ఆపే ముందు కథని ఎక్కడో ముళ్ళకంపలో పడేసి, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనేది. నేను బయటికి లాగి, తనకి ఇంకో గొయ్యి తవ్వేదాన్ని. అమ్మ బాగానే ఇంటికొచ్చింది. మేమే ఆ వరండాలోంచి బయటికి రాలేదు.

సీరియల్లోనూ అదే పద్ధతి. ఒక వారం నాది, ఒక వారం తనది. కథలో తాళాలు తీసే ఆవిడ నా మనిషి. ఇన్‌స్పెక్టరు వదిన మనిషి. ఎవరి మనిషిని వాళ్ళు కాపాడుకోవాలి, ఎదుటివాళ్ళ మనిషిని గోతిలోకి తోయాలి. రాసింది ఎడిటరుకి పంపినప్పుడే రెండోవాళ్ళకీ పంపాలి. ముందుగా ఒక్క మాట కూడా చెప్పుకోకూడదు. ఒకసారి నేను ఇన్‌స్పెక్టర్ని తన సంతాప సభకి తనే హాజరయ్యేలా చేసి వదిలేశాను. దాంతో వదినకి తల ప్రాణం తోకకొచ్చింది. దానికి బదులుగా మా తాళాల ఆవిణ్ణి ఒక ఇనప్పెట్టెలాంటి గదిలో పెట్టి, ఆ గది తాళంచెవి ఆవిడ సంచిలోనే పెట్టి, ఆ సంచి బయట పెట్టింది. ఆ వారమంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆలోచిస్తూ ఆలోచిస్తూ మా ఆయన చొక్కా మీద ఇస్త్రీపెట్టె వదిలేశాను. చొక్కా పోయింది కానీ ఆవిడ బయటపడింది.

ఈ సీరియల్ పోతే పోయేది సీరియల్ ఒక్కటే కాదని నాకు తెలుసు. మా ఇద్దరికీ మధ్య ఉన్నది అదే. తన ఉద్యోగం తనది, నా ఉద్యోగం నాది, ఇళ్ళు చెరో మూల. ఇది లేకపోతే మేం పెళ్ళిళ్ళలో కనిపించి "చిక్కిపోయావే" అని పలకరించుకునే వదినా ఆడపడుచులం అయిపోతాం. అంత స్పష్టంగా తెలిసి కూడా, పెన్ను పట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. ఎవరికి ఏం వచ్చినా రాకపోయినా ఆయన క్లచ్చు దగ్గర మొదలుపెడతారు. "బండి స్టార్టవ్వకపోతే ఏం చేస్తాం? దిగి తోస్తాం. మూడ్ వచ్చేదాకా కూర్చుంటామా?" అన్నారు. "ఎవరు తోస్తారు, మీరా?" అన్నాను. నిజంగానే తోయడం మొదలుపెట్టారు. టేబుల్ లైటు కొన్నారు. చక్రాలున్న ఆఫీసు కుర్చీ కొన్నారు. ఫోనులో ఎవరో ఒకాయన ఉపన్యాసాలు పెట్టి, నేను గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వినిపించేవారు. ఆ ఉపన్యాసాలాయన పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని మూడు పేజీలు రాయమంటాడు. అద్దంలో చూసుకుని నేను రాయగలను అని పైకి చెప్పమంటాడు. చెప్పాను కూడా. అద్దంలో ఆవిడ నా వంక గాడిద గుడ్డేం కాదూ అన్నట్టు చూసింది.

వదిన మాత్రం ఒక్క సలహా ఇవ్వలేదు. మొదటిసారి "ఈ వారం నావల్ల కావట్లేదు వదినా" అని ఫోను చేస్తే, "సరేలే, నీదీ నేనే రాసేస్తాను" అంది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట అంది. మూడోసారి నేను ఫోను చేయకుండానే రాసేసింది. వదిన రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీస్తుంది. ఒకరోజు నన్ను అక్కడికి పిలిచి, "ఎందుకైనా మంచిది" అంటూ తనే సూది గుచ్చింది. రిపోర్టులో అన్నీ ఉండవలసినంత ఉన్నాయి. వదిన ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో తప్పిపోయినట్టు మొహం పెట్టింది. తను రాసినవి నా ఫోనుకి వస్తూనే ఉన్నాయి. నేను తెరవలేదు. తెరిస్తే ఏదో ఒకటి అనిపించాలి, అనిపించకపోతే అదో అవమానం.

నేను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ఫ్రేము ఆకారం అద్దం మీద గీసుకుని, సానచక్రం మీద అంచులు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టడం నా పని. ముందు గదిలో ఎవరూ లేకపోతే కౌంటరు కూడా నేనే చూస్తాను. అక్షరాలు చిన్నవీ పెద్దవీ ఉండే అట్ట మా షాపులో ఉంది కానీ, దగ్గరి చూపు అద్దాలు పెట్టుకున్నవాళ్ళకి మేం ఇచ్చేది వారపత్రిక. అట్ట మీద అక్షరాలు అందరూ బట్టీ పట్టేశారు. పత్రికైతే చదవక తప్పదు.

ఆ రోజు ఒక దర్జీ వచ్చాడు. సూదిలో దారం ఎక్కట్లేదని అద్దాలు చేయించుకున్నాడు. తయారైన అద్దాలు పెట్టి, చేతికందిన పత్రిక ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పి తిప్పి, మా సీరియల్ దగ్గర ఆగి, వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. వరస ప్రకారం అది నా వారం.

"ఆవిడ తలుపు వేసుకుంది. టీ పెట్టుకుంది. సంచి అటక మీద పెట్టేసింది. కిటికీ దగ్గర కూర్చుంది. ఇక ఏ తాళం తీయమనీ ఎవరూ పిలవరని ఆవిడకి తెలుసు. హాయిగా ఉంది."

దర్జీ అద్దాలు తీసి మడిచాడు.

"పేజీ తిప్పండి, అటువైపు ఇంకా చిన్నక్షరాలు ఉంటాయి," అన్నాను.

"అక్కర్లేదమ్మా, బానే కనిపిస్తున్నాయి."

"కథ ఏమవుతుందో చూడరా?"

"ఇంకేమవుతుంది? ఆవిడ ఇల్లు చేరిపోయిందిగా," అని డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

పాత పత్రికలు బల్ల కింద ఉంటాయి. తీసి వరసగా చదివాను. నేను మానేసిన దగ్గర్నుంచీ వదిన ఒక్కో వారం మా ఆవిడ దారిలో ఉన్న రాళ్ళన్నీ ఏరి పక్కన పడేసింది. వెంటపడుతున్నవాళ్ళు దారి తప్పారు. పోయిన సామాను దొరికింది. మోకాలి నొప్పి కూడా తగ్గిపోయింది. ఏ భాగం చివరా గొయ్యి లేదు. నేను ఎప్పుడైనా తిరిగొస్తే కాలు జారకుండా, రాకపోతే ఎవరికీ ఇబ్బంది లేకుండా, అంతా తుడిచి శుభ్రంగా పెట్టింది. నా మనిషికి పింఛను ఇచ్చి ఇంటికి పంపేసింది. నన్నూ పంపేసిందన్నమాట. కోపం రావాలి. రాలేదు. కోపం ఉండాల్సిన చోట ఏదో సన్నగా గుచ్చుకుంది, అంతే. ఆ మాత్రానికే నాకు ఆశ్చర్యం వేసింది.

భోజనం గంటలో డబ్బా తెరవకుండానే ల్యాబుకి నడిచాను. వదిన ఒక పెద్దమనిషి చేతికి రబ్బరు గొట్టం బిగించి కడుతోంది.

"ఏమే పిల్లా, మళ్ళీ టెస్టులు చేయించుకుంటావా?" అంది.

"మా ఆవిణ్ణి ఇంటికెందుకు పంపావు?"

"పిడికిలి బిగించండి," అంది వదిన పెద్దమనిషితో. నాతో, "అలసిపోయి ఉంటుందని పంపాను."

"అలసిపోయానని చెప్పిందా?"

"చెప్పేలా ఉందా తన వాలకం? అటు చూడండి బాబూ, సూది వైపు కాదు."

"సంచి అటకెక్కించావు వదినా. ఆవిడ ఏనాడైనా సంచి కిందైనా పెట్టిందా?"

పెద్దమనిషి సూది సంగతి మర్చిపోయి మా ఇద్దరి వంకా చూశాడు. "ఎవరండీ ఆవిడ?" అన్నాడు.

"మా బంధువే," అంది వదిన, దూది నొక్కిపెట్టి. "ఇలా మడిచి పట్టుకుని కాసేపు బయట కూర్చోండి."

ఆయన వెళ్ళాక వదిన సూది డబ్బాలో పడేసి, నా వైపు చూడకుండా అంది.

"ఎడిటరుకి చెప్పేశాను. వచ్చే భాగంతో ముగించేస్తున్నాం. ఆ పేజీలు ఇంకెవరికో ఇచ్చేసుకున్నాడు."

"నన్నడక్కుండానా?"

"అడిగితే ఏమనేదానివి?"

నీ ఇష్టం వదినా అనేదాన్ని. మా ఇద్దరికీ తెలుసు. అందుకే ఇంకోటి అడిగాను.

"నన్ను ఇరికించడం ఎందుకు మానేశావు?"

"పడిపోయి ఉన్నదాన్ని ఇంకా ఎక్కడికి తోస్తానే?"

"జాలా నా మీద?"

"జాలే. కాదని ఎవరన్నారు? జాలిపడకూడదా?" అని గట్టిగా అరిచింది. బయట కూర్చున్న పెద్దమనిషి దూదితో సహా లేచి నిలబడ్డాడు. వదిన తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నాకేదో ఉత్సాహం పొంగి పొర్లుతోందనుకుంటున్నావు కదూ? చెబుతాను విను. నాకు రాయడం ఎప్పుడూ ఇష్టం లేదు. రాయకపోతే ఊపిరాడదంటారు చూడు కొందరు, నాకు శుభ్రంగా ఆడుతుంది. నువ్వు నా ఇన్‌స్పెక్టర్ని తీసుకెళ్ళి ఎక్కడో పడేస్తావు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆగవే నీ పని చెబుతాను అని కూర్చుంటాను. నాకు తెలిసిన రాయడం అంతే. ఇన్నేళ్ళూ అంతే. ఇప్పుడెవరి మీద మండిపడను? నేనే తోసి, నేనే చెయ్యందించి, నేనే ఒళ్ళు దులిపి. విసుగొచ్చేసిందే నాకు. ఒక్కదాన్నే కూర్చుని రాస్తుంటే ఇల్లంతా ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది."

చేతులకి తొడుగులున్నాయి, అందుకని మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. వదిన ఏడవగా నేను చూడ్డం తక్కువ. నాక్కూడా ఏడుపొస్తే బాగుండునని నిలబడి చూశాను. రాలేదు. అయినా అక్కణ్ణుంచి కదలాలనిపించలేదు.

"ఆ చివరి భాగం నేను రాస్తాను," అన్నాను.

"రాయగలవా?"

"తెలీదు."

"నాకోసం రాయకు. నేనేదో ఏడ్చానని."

"నువ్వు ఏడిస్తే నాకేం అనిపించలేదు వదినా, నిజం చెబుతున్నాను."

వదిన నన్ను ఎగాదిగా చూసింది. "అబ్బ, ఎంత మంచి మాట అన్నావే," అని ముక్కు చీది, తర్వాతి మనిషిని పిలిచింది.

మర్నాడు షాపుకి సెలవు పెట్టాను. ఆ ఆఫీసు కుర్చీ జోలికి పోకుండా వంటింటి స్టూలు లాక్కుని భోజనాల బల్ల ముందు కూర్చున్నాను. మా ఆయన టిఫిను తింటూ, కళ్ళు మెరిపిస్తూ, "వచ్చిందా మూడ్?" అన్నారు.

"రాలేదు. వెలుతురికి అడ్డం లేవండి."

కథని ఎలా ముగించాలో ఆలోచించాను. ముగింపులకేం, ఎన్నయినా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు, మా ఆవిడ కరచాలనం చేసుకోవచ్చు. మా ఆవిడ ఎవరికో పని నేర్పించవచ్చు. ఏది అనుకున్నా నోట్లో మట్టి వేసుకున్నట్టుంది. రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. మరి ఏముంది అని వెతికితే, ఆ ఏమీ అనిపించకపోవడం ఒక్కటే ఉంది. ఇన్నాళ్ళూ అది పోతే రాద్దామని కూర్చున్నాను. పోయేలా లేదు. పోనీ ఉన్నదే పెడదామనుకున్నాను. సంతోషంగా ఏమీ అనుకోలేదు, ఇంట్లో వేరే కూర లేనప్పుడు ఉన్నదేదో వండుతామే, అలా అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు ఒక పాత భవనంలో సోదాకి వెళ్తాడు. ఇనుప తలుపు వెనక మూసుకుపోతుంది. గాలి రావడానికి చిన్న కంత తప్ప ఏమీ లేదు. జనం మా ఆవిడ ఇంటికి పరిగెత్తుతారు. ఆవిడ అటక మీంచి సంచి దింపుకుని వస్తుంది. తలుపు ముందు కూర్చుంటుంది. అలాంటి తాళం ఎన్నిసార్లు తీసిందో, కళ్ళు మూసుకుని తీయగలదు. తాళంలో దూర్చి తిప్పే సరైన కమ్మీ చేతిలోకి తీసుకుంటుంది. అక్కడితో చెయ్యి ఆగిపోతుంది. ఒళ్ళో పడి ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చేతకాదా అని అడుగుతారు. చేతనవును అంటుంది. మరి తీయవేం అంటారు. తీయాలని అనిపించట్లేదు అంటుంది. బతిమాలతారు, తిడతారు, నీళ్ళు తెచ్చి ఇస్తారు. నీళ్ళు తాగుతుంది. లోపల్నుంచి ఇన్‌స్పెక్టరు తలుపు కొడుతూనే ఉంటాడు. ఆవిడకి వినిపిస్తూనే ఉంటుంది. చెయ్యి లేవదు.

అక్కడ ఆపేశాను. రాస్తున్నంతసేపూ పొంగిపోయిందీ లేదు, పూనకం వచ్చిందీ లేదు. అద్దం అంచు సానబట్టినట్టు, కాస్త కాస్త జరుపుకుంటూ పోయాను. మధ్యలో లేచి బట్టలు ఆరేశాను. అయిపోయాక కింద ముగింపు అని రాయకుండా, ఎడిటరుకీ వదినకీ ఒక్కసారే పంపేశాను.

ముందు ఎడిటరు ఫోను చేశాడు.

"ఇదేం ముగింపండీ?"

"ముగింపు కాదండీ."

"ఆ పేజీల్లో వేరేవాళ్ళ సీరియల్ అని ప్రకటించేశాం కదండీ!"

"అయితే మా ఇన్‌స్పెక్టరు లోపలే చస్తాడు. పాఠకులకి మీరే చెప్పుకోండి."

ఆయన నన్ను ఏమనలేక పత్రికని, పాఠకుల్ని, తన జాతకాన్ని వరసగా తిట్టుకుని, "సరే, ఆ కొత్త సీరియల్ని కొన్నాళ్ళు జరుపుతాను, కానివ్వండి," అని పెట్టేశాడు.

వదిన ఫోను సాయంత్రం వచ్చింది. హలో కూడా అనలేదు.

"నీ మొహం మండా! పద్ధతేంటి, నువ్వు చేసిందేంటి? ఎవరి మనిషిని వాళ్ళు కాపాడుకోవాలా వద్దా? నీ మనిషిని నువ్వే కూలేసి, నా నెత్తిన పెడతావా? నావాణ్ణి లోపల పెట్టి మరీ!"

"అవును."

"ఆవిడ చెయ్యి నేనెలా లేపను? తాళమైతే ఏదో దారి చూస్తాను. గొయ్యి అయితే తాడు వేస్తాను. చేతనవును కానీ అనిపించట్లేదంటే నేనేం చెయ్యాలే?"

"నాకు తెలిస్తే నేనే రాసేదాన్ని కదా వదినా."

ల్యాబులో ఎవరినో నంబరు పెట్టి పిలుస్తున్నారు. వదిన ఎవరితోనో ఒక్క నిమిషం అని, మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతులో తిట్లు లేవు.

"నిజంగా తెలీదా నీకు?"

"తెలీదు. అందుకే నీకు పంపాను."



"సరే. తను లేవకపోతే లేవకపోనీ," అంది వదిన. "కానీ నావాడి సంగతి నాకు తెలుసు. మొండి వెధవ. చేతులు వాచిపోయినా తలుపు కొడుతూనే ఉంటాడు. ఆగడు."

"ఆగొద్దని చెప్పు వదినా," అన్నాను.

అనేశాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వదినకీ వినిపించినట్టుంది. ఒక్కసారి గట్టిగా గాలి పీల్చుకుని, "ముందుగా ఏమీ చెప్పకూడదు, తెలుసుగా," అని టక్కున పెట్టేసింది.

అప్పట్నుంచీ ఫోను చేతిలో పెట్టుకుని తిరుగుతున్నాను. షాపులో అద్దం అరగదీస్తూ మధ్యలో చేతులు తుడుచుకుని చూస్తున్నాను. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి చూస్తున్నాను. మా ఆయన "మూడ్ వచ్చేసినట్టుందే" అని కనుబొమలు ఎగరేస్తున్నారు. ఏం రాలేదు. రాయాలని నాకు ఇంకా అనిపించట్లేదు, అబద్ధమెందుకు. కానీ ఆవిడ చెయ్యి లేచిందో లేదో తెలుసుకోవాలని ఉంది. చాలా ఉంది.